చెరసాలలో మతి చలించినవారి పక్షాన: డొరొతియా డిక్స్ జీవిత విశేషాలు

ఈ శతవార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదక వర్గంవారు అడిగినప్పుడు, గిద్దలూరు స్త్రీల మైత్రివారమైన మేము మొదట మన ప్రాంతంలో పనిచేసిన మిషనెరీ అమ్మలలో ఒకరిని గూర్చి వ్రాద్దామనుకున్నాము. ఆ వ్యాసాలు మాకంటె బాగా తెలిసినవారు వ్రాస్తున్నారని తర్వాత విన్నాము. మాలో ఇద్దరం నర్సు ఉద్యోగం చేసి పింఛను పుచ్చుకుంటున్నవాళ్ళం. మేము చదువుకున్న నర్సింగు చరిత్ర పాఠంలో ఫ్లారెన్సు నైటింగేల్ గూర్చి పుటలకొద్దీ ఉండేది. డొరొతియా డిక్స్ అనే అమెరికా దొరసానిని గూర్చి నాలుగు వాక్యాలుండేవి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, అంతే. ఆ నాలుగు వాక్యాల వెనుక ఎంత ఉన్నదో మాకు తెలిసివచ్చింది కొన్నేళ్ళ క్రిందట, క్రిస్మస్‌కు ముందు వారంలో.

ఏటా ఆ రోజుల్లో మేము ఖైదీలకు బన్నులు, అరటిపండ్లు, సబ్బులు తీసుకుని పోతుంటాము. ఆ ఏడు పోయినది ఒక చిన్న జైలు. ఏ ఊరిదో చెప్పము. నల్లమల మీదనుంచి దిగే గాలి ఆ నెలలో ఎట్లా ఉంటుందో ఈ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. గదిలో పదిహేనుమంది దాకా ఉన్నారు. అందరూ లేచి వచ్చి పండ్లు తీసుకున్నారు. మూలన గోడవైపు తిరిగి కూర్చున్న ఒకాయన మాత్రం లేవలేదు. ఒంటిమీద చొక్కా లేదు. చేతిగోళ్ళు వంకర తిరిగేదాకా పెరిగి ఉన్నాయి. పేరేమిటని అడిగితే ఎవరికీ తెలియదన్నారు. సంతలో రాళ్ళు విసురుతుంటే తీసుకువచ్చారట. తెలుగు కాని మాట ఏదో మాట్లాడతాడట. ఇంత చలిలో చొక్కా లేకుండా ఎట్లా ఉన్నాడని మాలో ఒకరు అడిగితే, అటువంటివాళ్ళకు చలీ ఎండా తెలియవమ్మా అని అక్కడి ఉద్యోగి మామూలుగా చెప్పాడు. దురుసుగా కాదు, ఆయన మాకు కుర్చీలు వేయించి మంచినీళ్ళు ఇప్పించిన మనిషే. మేము రెండు పండ్లు ఆ మూలన పెట్టి, ప్రార్థన చేసి, వచ్చేశాము. బస్సులో ఒకరి ముఖం ఒకరం సరిగా చూసుకోలేదు.

ఆ మాట ఎక్కడో చదివినట్టున్నదే అని ఇల్లు చేరిన తర్వాత తోచింది. డిక్స్ కథలో ఉన్నది. 1841లో బోస్టన్ దగ్గర ఒక జైలు అధికారి ఆమెతో అన్నదీ ఇదే. ఆ మాట దగ్గరే ఆమె జీవితం మలుపు తిరిగింది. అందుకే ఈ వ్యాసానికి ఆమెనే ఎంచుకున్నాము.

డొరొతియా లిండ్ డిక్స్ 1802 ఏప్రిల్ 4న, ఈనాటి మెయిన్ రాష్ట్రంలో ఉన్న హాంప్డెన్ అనే పల్లెలో పుట్టింది. తండ్రి జోసెఫ్ డిక్స్ ఊరూరా తిరిగే మెథడిస్టు బోధకుడు. నిలకడ లేని మనిషి. తాగుడు కూడా ఉండేదని చెపుతారు. తల్లికి ఆరోగ్యం లేదు. తండ్రి పంచిపెట్టే కరపత్రాలను సూది దారంతో కుట్టిపెట్టడం, తమ్ముళ్ళను చూసుకోవడం ఆ పిల్ల పని. బోధకుల ఇండ్లలో పిల్లలు పడే పాట్లు సంఘానికి ఎప్పుడూ కనబడవు. ఆ సంగతి మనకూ తెలిసినదే. పన్నెండో ఏట ఆమె బోస్టన్‌లో ఉన్న నాయనమ్మ దగ్గరకు చేరింది. అక్కడ తిండికీ బట్టకూ లోటు లేదు గాని నాయనమ్మ బహు కట్టుదిట్టమైన మనిషి, ముద్దు మురిపెం తెలియని ఇల్లు. పద్నాలుగో ఏట వూస్టరు పట్టణంలో బంధువుల ఇంట ఉంటూ చిన్నపిల్లలకు బడి పెట్టింది. పెద్దదానిలా కనబడాలని పొడుగు గౌను వేసుకొని పాఠం చెప్పేదట.

1821లో బోస్టన్‌లో ఆడపిల్లల బడి పెట్టింది. బీదపిల్లలకు వేరుగా ఉచితంగా చెప్పేది. 1824లో పిల్లలకోసం ప్రశ్నలు జవాబుల రూపంలో ఒక పుస్తకం వ్రాస్తే అది ఏండ్ల తరబడి మళ్ళీ మళ్ళీ అచ్చయింది. పెండ్లి మాట ఒకటి వచ్చి తప్పిపోయింది. తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా పనిచేసే అలవాటువల్ల ఛాతీ జబ్బు పట్టుకున్నది. 1836 నాటికి బొత్తిగా మంచం పట్టింది. స్నేహితులు ఆమెను ఇంగ్లండుకు పంపించారు. లివర్‌పూలులో రాత్‌బోన్ అనే ధర్మాత్ముల కుటుంబం ఆమెను ఏడాదికి పైగా ఇంట ఉంచుకొని సేవచేసింది. ఒకరిచేత సేవ చేయించుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు. ఆ ఇంటికి వచ్చిపోయేవారి మాటల్లోనే ఆమె మానసిక రోగుల సంగతి విన్నది. యార్కు పట్టణంలో విలియం ట్యూక్ అనే క్వేకరు 1796లో తెరిచిన ఆశ్రమంలో రోగులకు గొలుసులు లేవు, కొరడా లేదు. తోటపని, కుట్టుపని, వేళకు భోజనం, మర్యాదగా మాట. ఆ కాలానికి అది వింత. ఆమె ఇంగ్లండులో ఉండగానే ఇక్కడ తల్లి, తర్వాత నాయనమ్మ పోయారు. నాయనమ్మ వదిలిన ఆస్తి ఒక ఒంటరి స్త్రీ మితంగా బ్రతకడానికి సరిపోయింది. ముప్పై ఆరేళ్ళ వయస్సు, సగం ఆరోగ్యం, చేయడానికి పని లేదు. అటువంటి స్త్రీలు మన సంఘాల్లోనూ ఉంటారు. వారిని ఏ కమిటీలోనూ వేయరు.

1841 మార్చి 28, ఆదివారం. ఈస్ట్ కేంబ్రిడ్జి జైలులో ఆడ ఖైదీలకు ఆదివారపు బడి చెప్పడానికి మనిషి కావాలని ఒక దైవశాస్త్ర విద్యార్థి వెదకుతున్నాడు. మగవాడు చెప్పడం బాగుండదు, స్త్రీని ఎవరినైనా చూపమని డిక్స్‌ను అడిగితే తానే వెళ్తానన్నది. (మన వైపు అప్పటికి కర్నూలు నవాబును 1839లో కంపెనీవారు తొలగించి రెండేళ్ళు కూడా నిండలేదు; కాలం తెలియడానికి చెపుతున్నాము.) పాఠం అయిన తర్వాత ఆమె జైలంతా తిరిగి చూసింది. ఒక గదిలో ఏ నేరమూ చేయని స్త్రీలు ఉన్నారు. చేసిన తప్పల్లా మతి చలించడమే. ఆ దేశంలో మార్చి నెల అంటే ఇంకా మంచు కురిసే కాలం. గదిలో పొయ్యి లేదు. ఎందుకు లేదని అడిగితే పిచ్చివాళ్ళకు చలి తెలియదని జవాబు వచ్చింది. పొయ్యి పెడితే నిప్పు అంటించుకుంటారని కూడా అన్నారు.

ఆమె వాదన పెట్టుకోలేదు. నేరుగా కోర్టుకు పోయి అర్జీ పెట్టింది. జైలువారు కస్సుమన్నారు గాని గదికి పొయ్యి వచ్చింది. నర్సులమైన మాకు ఈ కథలో అన్నిటికంటె పెద్దది ఆ పొయ్యే. ఆ తర్వాత ఆమె కట్టించిన ఆస్పత్రులన్నీ దాని వెనుక వచ్చినవి. రోగికి ఏమి అవసరమో మొదట చూడడం, అది ఎవరి చేతిలో ఉన్నదో కనుక్కోవడం, వచ్చేదాకా వదలకపోవడం. వార్డులో మేము నేర్చుకున్న పని కూడా ఇదే. మాకు ఎవరూ దానిని చరిత్రగా చెప్పలేదు.

ఒక్క జైలులో ఇట్లా ఉంటే మిగతావాటిలో ఎట్లా ఉన్నదో అని ఆమెకు అనుమానం కలిగింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్రతి జైలునూ, ప్రతి బీదల సత్రాన్నీ చూడడానికి బయలుదేరింది. రెండేళ్ళు పట్టింది. చేతిలో నోటుపుస్తకం. ఎక్కడ ఎవరిని చూసిందీ, గది ఎంత వెడల్పు ఉన్నదీ, ఎన్ని ఏండ్లుగా కట్టివేసి ఉన్నారో అన్నీ వ్రాసుకున్నది. ఒకచోట బోనులో మనిషి. ఒకచోట పశువుల కొట్టంవంటి గదిలో ఒక మనిషి 17 సంవత్సరాలుగా. ఒకచోట నేలమాళిగలో, కాళ్ళు మంచుకు దెబ్బతిని పోయినవాడు. మరొకచోట నలుగురు స్త్రీలు దడుల మధ్య. 1843 జనవరిలో ఈ వివరాలన్నిటితో శాసనసభకు ఒక విజ్ఞాపన వ్రాసింది. అప్పటికి స్త్రీలకు ఓటు లేదు, సభలో నోరు విప్పే హక్కు లేదు. గ్రుడ్డివారి పాఠశాల నడిపే డాక్టరు శామ్యూల్ హౌ అప్పుడు సభ్యుడుగా ఉన్నాడు; ఆయన సభముందు పెట్టాడు. ఊళ్ళ పేర్లు పెట్టి వ్రాసినందున పెద్ద గొడవ అయింది. సత్రాల పెద్దలు అంతా అబద్ధమన్నారు. అయినా వూస్టరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో మరి 200 మందికి చోటు కల్పించే తీర్మానం నెగ్గింది.

ఆ విజ్ఞాపనలో ఒక సంగతి మమ్మల్ని ఆపింది. లెనాక్స్ అనే ఊరి జైలులో ఇద్దరు మతి చలించినవారు ఉన్నారు. వారిని అక్కడ ఉంచడం తగదని మొత్తుకుంటున్నవాడు స్వయాన ఆ జైలరే అని ఆమె వ్రాసింది. జైలు ఉద్యోగులందరినీ రాక్షసులుగా చూపడం సులభం; ఆమె ఆ పని చేయలేదు. తాళం వేయడానికి నియమించిన మనిషిచేత వైద్యం చేయించబోతే ఏమవుతుందో చూపించింది. న్యూయార్కు దగ్గర బ్లాక్‌వెల్స్ దీవి మీద కట్టిన పెద్ద పిచ్చాసుపత్రిలోనైతే ఆ రోజుల్లో రోగులను కనిపెట్టుకొని ఉండే పనిని పక్క జైలులోని ఖైదీలచేత చేయించేవారు. జీతం మిగులుతుందని. మానసిక రోగుల సేవకు శిక్షణ పొందిన నర్సు అనే మనిషి అప్పటికి ఆ దేశంలో లేదు. ఆమె కండ్లముందే, కాని చాలా ఆలస్యంగా, 1882లో బోస్టన్ దగ్గర మెక్లీన్ చికిత్సాలయంలో అటువంటి నర్సులకు మొదటి శిక్షణ పాఠశాల వెలిసింది.

తర్వాత రోడ్ ఐలండ్ రాష్ట్రం. లిటిల్ కాంప్టన్ అనే ఊళ్ళో ఏబ్రమ్ సిమన్స్ అనే రోగిని రాతిగదిలో పెట్టారు. ఏడడుగుల చదరం, ఇనుప తలుపు, కిటికీ లేదు. చలికాలంలో గోడలకు లోపలివైపు అర అంగుళం మందాన మంచు పేరుకునేది. కాలికి గొలుసు. ప్రమాదం అని వారించినా డిక్స్ లోపలికి పోయింది. ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకొని వెచ్చబడేదాకా మెల్లగా రుద్దింది. మాట్లాడింది. ఆయన పలకలేదు గాని కంటినుంచి నీరు కారిందని ఆమె వ్రాసింది. ఈ సంగతి 1844 ఏప్రిల్‌లో ప్రావిడెన్సు పత్రికలో అచ్చయింది. ఆ ఊళ్ళో సైరస్ బట్లర్ అనే ధనవంతుడు ఉన్నాడు, దానానికి పేరుపడ్డవాడు కాడు. ఆమె వెళ్ళి ఈ కథ చెప్పి 40,000 డాలర్లు తీసుకుని బయటికి వచ్చింది. 1847లో ఆ సొమ్ముతో బట్లర్ ఆస్పత్రి తెరిచారు.

చలి తెలియదనుకున్న మనిషి చేతులను రుద్ది వెచ్చచేయడం అనే పని ఏ డాక్టరు చీటీలోనూ ఉండదు. దానిని మేము మా పనిగా చెప్పుకుంటాము.

ఆ తర్వాత ఆమె ఒక ఇల్లు అంటూ లేకుండా తిరిగింది. మొదటి మూడేళ్ళలోనే పదివేల మైళ్ళకు పైగా ప్రయాణం చేసి, 18 రాష్ట్ర కారాగారాలు, 300 జిల్లా జైళ్ళు, 500 పైగా బీదల సత్రాలు చూసినట్టు ఆమె స్వయంగా లెక్క వ్రాసుకున్నది. దక్షిణ రాష్ట్రాల బురద దారుల్లో గుర్రపు బండ్లు విరిగేవి. అందుకని తన పెట్టెలో సుత్తి, మేకులు, మరలు, తాడు, తోలుపట్టీలు పెట్టుకొని తిరిగేదట. దిగి తానే బాగుచేయించి మళ్ళీ ఎక్కేది. గుంటకల్లు లైను మీద మీటరు గేజి రైలు దిగి, అడవి పల్లెలకు ఎడ్లబండ్ల మీద పోయిన మా అత్తల తరంవారు ఈ మాట వింటే సంతోషించేవారు. మరొక పెట్టెలో ఖైదీలకూ రోగులకూ పంచడానికి పుస్తకాలు, బొమ్మలు ఉండేవి.

న్యూ జెర్సీ రాష్ట్రంలో ట్రెంటన్ ఆస్పత్రి 1848లో తెరిచారు. పునాదినుంచి తన శ్రమవల్ల లేచిన మొదటిది కనుక దానిని ఆమె తన తొలిచూలు బిడ్డగా చెప్పుకునేది. ఉత్తర కరోలినాలో 1848 చివర బిల్లు ఓడిపోయింది. ఆమె బసచేసిన హోటలులోనే డాబిన్ అనే శాసనసభ్యుని భార్య జబ్బుపడి ఉంటే డిక్స్ ఆమె పక్కన కూర్చొని సేవచేసింది. చనిపోబోతూ ఆ ఇల్లాలు, ఈ దొరసాని బిల్లుకు సాయం చేయమని భర్తను కోరింది. భార్యను సమాధిచేసి వచ్చిన ఆయన సభలో లేచి మాట్లాడాడు. బిల్లు మళ్ళీ ఓటుకు వచ్చి పెద్ద మెజారిటీతో నెగ్గింది. రాలీ పట్టణపు కొండమీద కట్టిన ఆస్పత్రి 1856లో తెరిచారు. రాష్ట్రం తర్వాత రాష్ట్రం. ఆమె శ్రమవల్ల వెలిసినవీ పెరిగినవీ కలిసి 32 ఆస్పత్రులని చెపుతారు.

అన్నీ నెగ్గలేదు. రోగుల పోషణకోసం ప్రభుత్వ భూములు కేటాయించమని 1848 నుంచి ఆరేళ్ళు వాషింగ్టన్‌లో కాంగ్రెసు చుట్టూ తిరిగింది. చివరకు 1,22,25,000 ఎకరాల బిల్లు రెండు సభల్లోనూ నెగ్గింది. 1854 మే 3న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ దానిని తిరస్కరించాడు. బీదల పోషణ రాష్ట్రాల పని, కేంద్రానిది కాదన్నది ఆయన వాదం. ఈ వాదం మన దేశంలోనూ అప్పుడప్పుడు వినబడుతుంది. రోగికి మాత్రం రాష్ట్రమేదో కేంద్రమేదో తెలియదు.

మనస్సు చెదిరి ఐరోపాకు ఓడెక్కింది. విశ్రాంతికని పోయిన మనిషి అక్కడా జైళ్ళూ ఆస్పత్రులూ చూడడం మొదలుపెట్టింది. స్కాట్లండులో రోగులను ప్రైవేటు ఇళ్ళవారు లాభానికి పెట్టుకొని నానా అవస్థలు పెడుతుంటే, రాత్రి రైలెక్కి లండను పోయి హోం మంత్రిని కలుసుకొని విచారణ సంఘం వేయించింది. 1857లో చట్టం వచ్చింది. రోములో, పోపు పయస్ తొమ్మిదవవారి దర్శనం అడిగి, ఆయన నగరంలోని చికిత్సాలయం స్థితిని ఆయనకే చెప్పింది. ఆయన చెప్పకుండా వెళ్ళి చూసుకొని వచ్చి ఆమె చెప్పినది నిజమేనన్నాడట. ఒక ప్రొటెస్టంటు స్త్రీ మాటను పోపుగారు విన్నారు. మన కమిటీలు కొన్ని వినవు.

అంతర్యుద్ధంలో ఆమె చేసిన పనే మా నర్సింగు పుస్తకంలోని నాలుగు వాక్యాలు. 1861 జూన్‌లో ఉత్తరాది సైన్యపు నర్సులకు పర్యవేక్షకురాలుగా నియమించారు. జీతం పుచ్చుకోలేదు. మూడు వేలమందికి పైగా స్త్రీలు నర్సులుగా పనిచేశారు. ఆమె పెట్టిన నియమాలు వింటే నవ్వు వస్తుంది: వయస్సు ముప్పై దాటాలి, రూపం సాదాగా ఉండాలి, గోధుమరంగు లేదా నల్ల దుస్తులు, నగలు కూడదు, జుట్టు ఉంగరాలు తిప్పుకోరాదు. డాక్టర్లతో పడలేదు. వాళ్ళు ఆమెకు రాకాసి బిరుదు తగిలించారు. 1863 అక్టోబరులో ఒక ఉత్తరువుతో నర్సులను నియమించే అధికారం డాక్టర్లకు కూడా పోయింది. ఆ పని తన జీవితానికి కొలత కాకూడదని ఆమె తర్వాత అనుకున్నది. ఒంటరిగా జైళ్ళు తిరగడానికి కావలసిన గుణాలు వేరు, వేలమందిని కలుపుకొని పోవడానికి కావలసినవి వేరు. మొదటివి ఆమెకు సమృద్ధిగా ఉన్నాయి.

ఇంకొక లోపం కూడా దాచకూడదు. దక్షిణాదిలో అన్ని వేల మైళ్ళు తిరిగిన మనిషి, దారిపొడుగునా బానిసలను చూసిన మనిషి, వారిని గూర్చి నోరు మెదపలేదు. భూస్వాముల ఓట్లు తన ఆస్పత్రులకు కావాలి కనుక అనుకోవచ్చు. గొలుసుతో ఉన్న రోగిని చూసి కన్నీరు పెట్టుకున్నామె మరొక గొలుసును చూడలేదు. జీవిత చరిత్రలు వ్రాసేవారు దీనిని రెండు మాటల్లో దాటవేస్తారు. మేము కూడా ఇంతకంటె ఎక్కువ వ్రాయడం లేదు గాని, మన ఊళ్ళలో ఏ వాడవారి బాధ ఎవరికి కనబడదో చదువరులు ఆలోచించుకోగలరు.

ముసలితనంలో ఆమెకు ఇల్లు లేదు. 1881లో ట్రెంటన్ ఆస్పత్రివారు తమ భవనంలోనే గదులిచ్చారు. తన తొలిచూలు బిడ్డ ఇంట ఆరేళ్ళుండి, 1887 జూలైలో కన్నుమూసింది. కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ సమాధుల తోటలో ఆమె రాయి మీద పేరు తప్ప మరేమీ లేదు. తన జీవిత కథ వ్రాస్తామని వచ్చినవారికి బ్రతికినన్నాళ్ళూ ఆమె సామగ్రి ఇవ్వలేదు.

ఆమె కట్టించినవి ఏమైనాయి? మేము తెలుసుకుని దిగులుపడ్డ సంగతి ఇది. వందమందికని కట్టిన చోట వేలమందిని కుక్కారు. 1955 నాటికి అమెరికా ప్రభుత్వ మానసిక ఆస్పత్రులలో సుమారు 5,59,000 మంది ఉన్నారు. కొత్త మందులు వచ్చిన తర్వాత ఆ ఆస్పత్రులను ఒకటొకటిగా మూసివేశారు. రాలీ కొండమీదిది 2012లో మూతపడి ఇప్పుడు ఆమె పేరుతో ఉద్యానవనం అయింది. బయటికి వచ్చినవారికి ఊళ్ళలో వైద్యం ఏర్పాటు చేస్తామన్నారు గాని చాలినంత చేయలేదు. తిరిగి తిరిగి చాలామంది జైళ్ళకే చేరారు. లాస్ ఏంజిలిస్, చికాగో నగరాల జైళ్ళలో ఈనాడు ఉన్నంతమంది మానసిక రోగులు ఆ దేశంలో ఏ ఆస్పత్రిలోనూ లేరని అక్కడివారే చెపుతారు. 1841లో ఆమె చూసిన గది పెద్దదైంది. తేడా ఏమిటంటే ఇప్పుడు ఆ గదిలో నర్సు ఉంటుంది.

జైలులో మానసిక నర్సు పని ఎటువంటిదో ఇక్కడ కొంచెం చెప్పాలి. ఖైదీ వచ్చిన మొదటి రాత్రే కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆత్మహత్య భయం ఎక్కువగా ఉండేది ఆ మొదటి రోజుల్లోనే. మాత్ర చేతికిచ్చి పోకూడదు. మింగేదాకా ఉండాలి, లేకపోతే దాచి ఒకేసారి మింగేవారుంటారు. ఇక తాగుడు. రోజూ తాగే మనిషిని రిమాండుకు తెస్తే తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండో రోజో మూడో రోజో చేతులు ఒణుకుతాయి, నిద్ర ఉండదు, చెమటలు, గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు, కేకలు వేస్తాడు. చుట్టూ ఉన్నవారు నాటకమంటారు, లేదా దయ్యమంటారు. అది నాటకం కాదు, వైద్యం అందకపోతే ప్రాణం తీసే జబ్బు. తగిన మందు, బి1 విటమిను సూది, వెలుతురున్న గది, పక్కన ఒక మనిషి ఉంటే చాలామంది నాలుగైదు రోజుల్లో తేరుకుంటారు. గిద్దలూరు, మార్కాపురం వైపు ఏ ఇంటినడిగినా మూడో రోజు ఒణుకు అంటే ఏమిటో తెలుసు.

మన దేశపు చట్టం చాలాకాలం డిక్స్ కంటె వెనుకనే ఉన్నది. మన జిల్లాలు మదరాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1871లో, వాల్తేరులో పిచ్చాసుపత్రి తెరిచారు. కాని రోడ్డుమీద తిరిగే రోగిని జైలులో పెట్టే అలవాటు స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతా పోలేదు. అస్సాంలో 1951లో అరెస్టయిన ఒక యువకుడు మతి చలించినవాడని ఆస్పత్రికి పంపబడి, 1967లో నయమైందని వైద్యులు చెప్పినా ఇంటికి కాక జైలుకు పంపబడి, విచారణ లేకుండానే 2005లో విడుదలయ్యాడు. 54 ఏండ్లు. నేరం చేయని మానసిక రోగిని జైలులో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు షీలా బర్సే వేసిన వ్యాజ్యంలో 1993 ఆగస్టులో తీర్పు చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు ఆస్పత్రిలో మానసిక చికిత్సా విభాగం ఉండాలన్నది. జైలు డాక్టరు మూడు నెలలకొకసారి బోర్డుకు నివేదిక పంపాలన్నది. మూడు నెలలంటే చిన్న జైలు మూలన కూర్చున్నవాడికి చాలా పొడుగైన కాలం.

బయట మాత్రం మనమేమి బాగా చేస్తున్నామని? దయ్యం పట్టిందని గుడి దగ్గరో, దర్గా దగ్గరో, మన ప్రార్థన కూటాల దగ్గరో స్తంభానికి కట్టివేసిన మనుషులను మేము చూశాము. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దగ్గర గొలుసులతో కట్టిన 28 మంది రోగులు పాకకు నిప్పంటుకొని లేచి పోలేక కాలిపోయారు. ప్రార్థన చేయవద్దని మేము అనబోము, మేమూ చేస్తాము. గొలుసు విప్పి, మాత్ర వేసి, తర్వాత చేయవచ్చు.

ఆ చలికాలం పది రోజులు గడిచిన తర్వాత మేము మళ్ళీ ఆ జైలుకు పోయాము. ఈసారి పండ్లతోబాటు ఒక ఉన్ని చొక్కా, దుప్పటి, గోళ్ళు కత్తిరించే కత్తెర, వేణ్ణీళ్ళకు ఫ్లాస్కు తీసుకున్నాము. మాలో ఒకామెకు కన్నడం, హిందీ కొంచెం కొంచెం వచ్చు, ఆమెను వెంటబెట్టుకున్నాము. మూల ఖాళీగా ఉన్నది. ఆయనను మూడు రోజుల క్రిందట పెద్దాసుపత్రికి పంపించారన్నారు. ఏ ఊరి పెద్దాసుపత్రి అంటే రిజిస్టరు చూడాలన్నారు. రిజిస్టరు ఉన్న ఉద్యోగి ఆ రోజు సెలవు. గదిలో ఒక కుర్రవాడు, తాతకు తానే అన్నం తినిపించేవాణ్ణని, చలికి తన దుప్పటిలోకి వచ్చి పడుకునేవాడని చెప్పాడు. ఆ కత్తెర ఆ కుర్రవాడి చేతికివ్వడానికి జైలు నియమం ఒప్పదు. ఉన్ని చొక్కా ఇచ్చి వచ్చాము. కత్తెర మాత్రం మైత్రి బీరువాలో ఉన్నది. ఏటా సంచిలో అదే మొదట పెడుతున్నాము.